గీతలూ నావే, మెరుపూ నాదే

నేను ఒక రబ్బింగ్ కాంపౌండ్ డబ్బాను, అంటే రంగుల్ని రుద్ది నునుపు చేసే మందు డబ్బాను. కిలో బరువు, రేకు ఒళ్లు, లోపల సన్న ఇసుక కలిపిన వెన్నలాంటి ముద్ద. నన్ను కాస్త తీసి రెండు వేళ్ల మధ్య రుద్దితే గరగరమంటాను. ఆ గరగర వినగానే చెయ్యి వెనక్కి లాక్కున్నవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లకు సంజాయిషీ చెప్పుకోవడానికి నేను నోరు విప్పడం లేదు. గీయడమే నా పని. మీరు అద్దంలా ఉందని మురిసిపోయే ప్రతి వస్తువు మీదా ముందు నాలాంటి మోటువాడు ఒకడు ఒళ్లు అరగదీసుకుని ఉంటాడు. ఆ సంగతి మెరిసేదానికి గుర్తుండదు, చూసి మురిసేవాళ్లకు అసలే గుర్తుండదు. నాకు గుర్తుంది కాబట్టి చెబుతున్నాను.

నేను పుట్టింది ఒక పారిశ్రామికవాడలో, రేకుల కప్పు కింద. గట్టి రాతిపొడిని జల్లెడ పట్టి, నూనె, నీళ్లు, సబ్బులాంటిదేదో కలిపి పెద్ద గిన్నెలో గిలక్కొట్టి మమ్మల్ని తయారుచేస్తారు. మా బతుకులు ఎలా ఉండాలో ఆ జల్లెడ దగ్గరే తేలిపోయింది. సన్నని కన్నాల్లోంచి దిగిన పొడి నాజూకు క్రీమయ్యింది. దాన్ని తెల్లటి సీసాల్లో పోసి, మీద నిగనిగలాడే కారు బొమ్మ వేశారు. జల్లెడ పైన మిగిలిపోయిన పొడితో నన్ను చేశారు. నా మీద బొమ్మ లేదు. 'ముతక రకం, జాగ్రత్తగా వాడవలెను' అని రాశారు. ఒకే తొట్టిలో పుట్టినవాళ్లం, వాడికి బొమ్మ పెట్టి నాకు హెచ్చరిక పెట్టడం ఏం న్యాయమో ఆ రాసినవాడినే అడగాలి.

విశాఖపట్నంలో ఒక రంగుల కొట్టుకు చేరాను. సీసాలను అద్దాల బీరువాలో పెట్టారు, నన్ను కింద అరలో లప్పం సంచుల పక్కన పడేశారు. అక్కడ కూర్చుని మనుషుల్ని బాగా చదివాను. వచ్చినవాళ్లంతా ఒకే ప్రశ్న అడిగేవారు: ఎంతసేపట్లో మెరుస్తుంది? రుద్దక్కర్లేకుండా మెరిసేదేమైనా ఉందా అని కూడా అడిగేవారు. స్నానం చెయ్యకుండా పౌడరు రాసుకుని పెళ్లికి వెళ్లే జనం మరి, ఇంకేం అడుగుతారు.

నన్ను అడిగి కొనుక్కెళ్లిన మొదటి మనిషి మస్తాను. గాజువాకలో కార్లకు సొట్టలు తీసి రంగులు వేసే షెడ్డు అతనిది. మూత తీసి, వేలితో కాస్త ముద్ద తీసి, గోరు మీద రుద్దుకుని చూసి "సరుకు బాగుంది" అన్నాడు. పుట్టిన తరవాత నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. పని నేర్చుకున్నది కూడా మస్తాను దగ్గరే. గిర్రున తిరిగే మిషనుకు ఉన్ని ప్యాడు తగిలించి, నన్ను అద్ది, రంగు మీద నడిపించేవాడు. ఎమ్రీ అనే గరుకు కాగితం పెట్టిన లోతు గీతల్ని నేను అరగదీసేవాణ్ణి. నేను పెట్టిన సన్న గీతల్ని నా తరవాత నాజూకు క్రీము తీసేసేది. గీతను ఇంకా సన్నని గీతతో చెరిపేస్తూ పోతే కంటికి కనిపించని గీతలే మిగులుతాయి. మీరు మెరుపు అనేది దాన్నే. ఇందులో మాయ ఏమీ లేదు, ఓపిక ఉంది.

కానీ ఆ ఓపిక కారు యజమానులకు ఉండేది కాదు. ఒక పెద్దమనిషి తన ఇంటి గేటుకే కారు గీకించుకుని వచ్చాడు. ఇంట్లో మాత్రం ఎవడో బైకు వాడు గీకేశాడని చెప్పాడట. భార్య ఊరినుంచి వచ్చేలోగా మెరవాలన్నాడు. గీత తియ్యాలంటే ఒక పూట పడుతుందంటే ఒప్పుకోలేదు. మస్తాను నిట్టూర్చి సీసాలోంచి జిడ్డు పాలిషు పూశాడు. గీత దాక్కుంది, పోలేదు. రెండు వానలు పడితే బయటపడుతుందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఇలాంటివాళ్లు ఎక్కువైపోయి నేను మూడోవంతు కూడా ఖర్చు కాకుండానే మూల పడ్డాను. పైన పొర ఎండుతూ వచ్చింది.

అలా ఉండగా ఒకరోజు మస్తాను స్నేహితుడు పరదేశి వచ్చాడు. గరికిన పరదేశి మంగమారిపేటలో ఫైబరు పడవలు చేస్తాడు, విరిగినవాటిని బాగుచేస్తాడు. ఏదో సర్ఫింగ్ బోర్డుకు నున్నగా మెరుపు తేవాలి, ఏం వాడాలని అడిగాడు. మస్తాను నన్నూ, ఒక చిన్న డబ్బా సన్నరకం క్రీమునూ తీసి చేతిలో పెట్టాడు. "ముందు ఇది, తరవాత అది. రెండిటి మధ్యా బాగా కడుగన్నా" అన్నాడు. ఇంత తేలిగ్గా చెప్పిన మాటను మనుషులు ఎంత తేలిగ్గా మరిచిపోతారో తరవాత చూశాను.

పరదేశి షెడ్డు సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది. అందులో పెద్ద పడవ అచ్చు ఒకటి గుజ్జు తీసేసిన దోసపండు తొక్కలా పడి ఉండేది. ఆ అచ్చులో గాజుదారాలతో నేసిన గుడ్డ పరిచి, రెజిన్ అనే జిగురు పోసి, గట్టిపడ్డాక పడవను ఊడదీస్తారు. ఆ ఊడదీయడం సాఫీగా జరగడానికి ముందే అచ్చుకు ఒక పసుపుపచ్చ మైనం రాసి గుడ్డతో తుడుస్తారు. ఆ మైనం డబ్బా ఉండేది పై అరలో, పసుపూ కుంకుమా పెట్టిన పటం పక్కన. అది ముప్పై ఏళ్లుగా పరదేశికి నమ్మినబంటు. నన్ను తెచ్చి సరిగ్గా దాని కింద అరలో పెట్టాడు. పైనుంచి అది నన్ను చూసిన చూపు నాకు నచ్చలేదు.

బోర్డు ఎవరిదో చెప్పాలి. పరదేశి అక్క కూతురు నూకరత్నానిది. ఇరవైరెండేళ్ల పిల్ల. రుషికొండ తీరంలో ఒక సర్ఫింగ్ బడిలో, సెలవులకొచ్చే పట్నంవాళ్లకు అలల మీద నిలబడటం నేర్పుతుంది. వాళ్లు ఎక్కే మెత్తటి స్పాంజి బోర్డులన్నీ బడివి. ఆమెకంటూ బోర్డు లేదు. ఎవరో యాత్రికుడు తన ఫైబరు బోర్డును అలకిచ్చి రెండు ముక్కలు చేసుకుని వదిలేసి వెళ్లిపోతే, ఆ ముక్కలు అడిగి తెచ్చుకుంది. పరదేశి వాటిని అతికి, మీద గుడ్డ వేసి, పడవలాగే గట్టిగా చేశాడు. గట్టిగానే ఉంది, కానీ పడవలాగే గరుకుగా కూడా ఉంది. మే నెలలో రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ పెడితే ఆ బోర్డు పట్టుకుని వెళ్లింది. నీళ్లలోకి దిగేముందు అందరి బోర్డులూ తనిఖీ చేస్తారు. ఆమె బోర్డు అంచు మీద చెయ్యి పెట్టిన ఆయన చెయ్యి తీసేసి, ఇది పక్కవాళ్లకు గీరుకుంటుంది, దింపడం కుదరదన్నాడు. ఎంపిక ఆ రోజు అలలు లేక వాయిదా పడింది. జూలై చివరి ఆదివారం మళ్లీ పెట్టారు. అదే ఆమెకు మిగిలిన అవకాశం.

ఇదంతా ఆమె పరదేశికి చెబుతుంటే విన్నాను. "ఆయన సెప్పినదాన్లో తప్పు నేదు మావా. గరుగ్గానే ఉన్నాది. కానీ ఎనకాల నవ్వినారు సూడు, బోర్డా పడవ ముక్కా అని, అదే నాకు కడుపులో ఉండిపోనాది" అంది.

"మెరుపే గదా కావాలి. ఆల మొకాలు అందులో ఆలకే కనపడేలాగ సేత్తాను" అన్నాడు పరదేశి.

బోర్డు మీద నున్నటి రెజిన్ పూత ఒకటి వేశాడు. అది ఆరాక నీళ్లు చల్లుతూ సన్న ఎమ్రీ కాగితంతో రుద్దాడు. అక్కడిదాకా పని చక్కగా చేశాడు, కాదనను. తరవాత బోర్లించిన పడవ మీద మమ్మల్ని ముగ్గుర్నీ వరసగా పెట్టాడు, నన్ను, సన్నరకాన్ని, పై అరలోంచి దిగొచ్చిన మైనాన్ని. నన్ను వేళ్ల మధ్య రుద్ది మొహం చిట్లించాడు. "ఇదేటి, ఇసకలాగున్నాది. దీంతో రుద్దితే ఉన్నది కూడా పోతాది" అన్నాడు. సన్నరకాన్ని చూసి, దీంతో ఎప్పటికి అయ్యేనన్నాడు. చివరికి మైనం డబ్బా మూత తీసి, "ఇది ఉండగా మనకి ఊరోల డబ్బాలెందుకే" అని గుడ్డకు అద్దాడు.

నాకు నోరుంటే ఆ రోజు షెడ్డు కప్పు లేచిపోయేది. ఆ మైనం పుట్టిందే దేన్నీ అంటుకోనివ్వకుండా చెయ్యడానికి. కానీ మెరవడంలో మాత్రం దానికి లోటు లేదు. రెండు పూతలు పూసి గుడ్డతో తిప్పేసరికి బోర్డు నిగనిగలాడింది. నూకరత్నం మొహం అందులో కనిపించింది. ఆమె చేత్తో నిమిరి "ఎంత బాగున్నాది మావా" అంది. మైనం తన గూటికి తాను వెళ్లి కూర్చుంది. నన్ను కింది అరలోకి కాదు, ఈసారి నేల మీదకు, పాత బ్రష్షుల మధ్యకు తోసేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. తీసిపారేసినందుకు కాదు. ఎండు ముద్దనైనా పని తెలిసినవాణ్ణి, నన్ను కాదని ఆ పిల్ల ఆశను దాని చేతిలో పెట్టినందుకు.

రెండు వారాల తరవాత సాధన చేస్తుంటే బోర్డు ముక్కు రాయికి తగిలి అరచేతి మేర పగిలింది. పరదేశి అసలు కంగారుపడలేదు. పడవల్లో అలాంటివి వెయ్యి చూశాడు. పగులు చుట్టూ ఎమ్రీ కాగితంతో రుద్ది, గుడ్డ ముక్క వేసి, రెజిన్ పోసి అతికాడు. పైన మళ్లీ మైనం తుడిచాడు. ఆదివారం ఎంపిక అనగా ఆ ముందు సోమవారం పొద్దున నూకరత్నం నీళ్లలోకి దిగి, గంటలోపే తిరిగొచ్చింది. ఒక చేతిలో బోర్డు, ఇంకో చేతిలో అతుకు. అతుకు మొత్తం ముక్కగా, చెక్కు చెదరకుండా, నూనె బాగా రాసిన పెనం మీది దోసెలా ఊడొచ్చింది.

పరదేశి ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. ముప్పై ఏళ్లలో ఏ పడవకూ అతని అతుకు ఊడలేదు. ముందు రెజిన్ పాతదన్నాడు. తరవాత దాన్ని గట్టిపరిచే హార్డనరు తక్కువ పడిందన్నాడు. తరవాత వానాకాలపు చెమ్మ అన్నాడు. చివరికి, నువ్వేదో తప్పుగా దూకి ఉంటావని ఆ పిల్లనే అన్నాడు. ఆమె వెళ్లి గుమ్మంలో కూర్చుంది. తప్పు ఎక్కడుందో తెలిసినవాణ్ణి ఆ షెడ్డులో నేనొక్కణ్ణే, నేనేమో పాత బ్రష్షుల కింద ఉన్నాను.

కాసేపటికి పరదేశి కోపం తగ్గడానికన్నట్టు తన మామూలు పనిలో పడ్డాడు. మర్నాడు కొత్త పడవ పొయ్యాలి, అచ్చు సిద్ధం చెయ్యాలి. మైనం తీసి అచ్చుకు రాయడం మొదలుపెట్టాడు. గుమ్మంలో కూర్చున్న నూకరత్నం ఆ చేతినే చూస్తూ ఉంది.

"మావా, అచ్చుకి అదెందుకు రాత్తావు?"

"ఏటే అలగడుగుతావు, సిన్నప్పట్నుంచి సూడనేదా. రాయకపోతే పడవ అచ్చుకి పట్టీదా. ఇది రాసినామంటే ఇంక రెజిన్ దేనికీ అంటు..."

మాట అక్కడ ఆగిపోయింది. అచ్చు మీద గుండ్రంగా తిరుగుతున్న చెయ్యి కూడా ఆగిపోయింది. పరదేశి గుడ్డను చూశాడు, మైనాన్ని చూశాడు, నేల మీద పడున్న అతుకును చూశాడు. ఎమ్రీ కాగితంతో రుద్దినప్పుడు మైనం పోలేదు, గీతల్లోకి ఇంకా లోపలికి వెళ్లి కూర్చుంది. ఇది పడవలవాడు మాత్రమే చెయ్యగల తప్పు. కార్లవాడి షెడ్డులో ఆ మైనమే ఉండదు, సర్ఫింగ్ బడిలో దాని పేరే తెలీదు. ముప్పై ఏళ్లుగా దాని గుణం రోజూ వాడుకుంటున్నవాడు కాబట్టే అతనికి ఆ గుణం గుర్తుకు రాలేదు.

"నానే" అన్నాడు పరదేశి, పడవ అంచు మీద కూలబడి. "నా సేత్తో నానే సేసినాను. ఇందాకా నిన్నంటన్నాను సూడు."

నూకరత్నం నవ్వలేదు, ఏడవలేదు. "అది తరవాత ఏడుద్దువుగాని. ఆదివారానికి తుడిసీగలవా నేదా, ముందు అది సెప్పు" అంది.

ఆ పిల్ల నాకు నచ్చింది ఆ క్షణాన. పరదేశి లేచాడు. మూలకు వచ్చి, బ్రష్షుల్ని కాలితో తోసి, నన్ను తీసి దుమ్ము ఊదాడు. మూత బిగుసుకుపోతే స్క్రూడ్రైవరు పెట్టి లేపాడు. పైన ఎండి నెర్రెలిచ్చి ఉన్నాను. ఆ స్థితిలో కూడా నేను తల దించుకోలేదు. వెతుక్కుంటూ వచ్చింది నా దగ్గరకు వాళ్లు, వాళ్ల దగ్గరకు నేను కాదు.

మంగళవారమంతా మైనం వదిలించడానికే సరిపోయింది. ముందు కాగితంతో రుద్దలేదు, బుద్ధి వచ్చింది. జిడ్డు కరిగించే థిన్నరులో తడిపిన గుడ్డతో ఒక్క వైపుకే తుడిచి ఆ గుడ్డ పారేసి, కొత్త గుడ్డ తీసుకుని మళ్లీ తుడిచారు. నూకరత్నం వాళ్లమ్మ పాత చీరలు రెండు అలా అయిపోయాయి. బోర్డు మీద నీళ్లు చల్లితే అవి పూసల్లా విడిపోకుండా పల్చగా పరుచుకునేదాకా ఆ పిల్ల ఆపనివ్వలేదు. అప్పుడు పగులు చుట్టూ రుద్ది, కొత్త గుడ్డ వేసి అతికారు. బుధవారం మొత్తం బోర్డు కింది వైపుకూ అంచులకూ కొత్తగా నున్నటి పూత పడింది.

తరవాత ఆగడం మొదలైంది. రెజిన్ పైకి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. పచ్చిదాన్ని మెరిపిస్తే ఆ మెరుపు రెండు రోజుల్లో లోపలికి కుంగిపోతుంది. శుక్రవారం పొద్దున పరదేశి ఇంక ఉండబట్టలేక గుడ్డ పట్టుకుని వచ్చాడు. నూకరత్నం బోర్డు అంచున గోరు గుచ్చి చూపించింది. సన్నగా నొక్కు పడింది. "వాసన కూడా పోనేదు మావా. రేపు" అంది.

"రేపు కాకపోతే?"

"కాకపోతే కాదు. పచ్చిదాని మీద మెరుపెట్టి అట్టుకెల్లి మల్లీ నవ్వించుకోను."

శనివారం గోరు దిగలేదు. మస్తాను స్కూటరు మీద మిషను కట్టుకుని గాజువాక నుంచి వచ్చాడు. జరిగింది విని పరదేశి భుజం తట్టాడు. "నేను కూడా ఇలాగే మొహం పగలగొట్టుకున్నా అన్నా. జిడ్డు పాలిషు పెట్టిన కారు మీద రంగు కొడితే చుక్కలు చుక్కలుగా విడిపోయింది. మళ్లీ అతకాల్సినదానికీ, మళ్లీ రంగు వెయ్యాల్సినదానికీ జిడ్డు పెట్టకూడదు" అన్నాడు. తరవాత నా వంక చూసి, "వీణ్ణి ఇలా ఎండబెట్టారేంటి" అని, కాస్త నీళ్లు పోసి కర్రముక్కతో కలిపాడు. మెత్తబడ్డాను. ఉన్నది పావు డబ్బా కూడా లేదు, మిగతాదంతా డబ్బా గోడలకు పట్టి రాయి అయిపోయింది.

మిషను తిరిగింది. మస్తాను దాన్ని ఒక్కచోట నిలపకుండా, తక్కువ వేగంలో, మధ్యమధ్య నీళ్లు చల్లుతూ నడిపాడు. ఒకచోట ఆగితే రెజిన్ వేడికి మాడుతుంది. నేను బోర్డు మీద పడ్డాను. అంత పని నేను జీవితంలో చెయ్యలేదు. ఎమ్రీ గీతల అంచుల్ని ఒక్కొక్కటే కొరుక్కుంటూ పోయాను. నా గింజలు నలిగాయి, విరిగాయి, విరిగిన ముక్కలు ఇంకా సన్నని గీతలు గీశాయి. కానీ చూసేవాళ్లకు అదంతా కనిపించదు. బోర్డంతా తెల్లటి మబ్బు కమ్మింది. నూకరత్నం మొహం వాడిపోయింది.

"ఏటన్నా ఇది, ఉన్న నిగారింపు కూడా పోనాది" అంది.

"ఆగమ్మా. ఇది మోటు పని. ఈ మబ్బు రాకపోతే ఆ మెరుపు రాదు" అన్నాడు మస్తాను.

ఉన్న నా ముద్దంతా అయిపోయింది. బోర్డును రెండుసార్లు కడిగారు. ప్యాడు మార్చారు. నా గింజ ఒక్కటి మిగిలి సన్నరకంలో కలిసినా మళ్లీ గీత పడుతుంది, అందుకని మస్తాను చేతులు కూడా కడుక్కున్నాడు. నన్ను అంత శ్రద్ధగా కడిగి పారేస్తుంటే నాకేమీ బాధ కలగలేదు. పని అయిపోయాక అక్కడ ఉండిపోవాలని నాకు ఎప్పుడూ లేదు. ఆ ఆశ మైనానిది. అది ఎక్కినచోటి నుంచి దిగదు, తన కింద ఏం దాచిందో చూడనివ్వదు. సన్నరకం నడిచిన కొద్దీ మబ్బు విడిపోయి, కిందనుంచి బోర్డే మెరుస్తూ బయటికి వచ్చింది.

ఊపు మీదున్న మస్తాను బోర్డును తిరగేసి పైభాగానికి కూడా మిషను ఆనించబోయాడు. కారు టాపును వదిలేస్తే పని సగమే చేసినట్టుంటుంది అతనికి. నూకరత్నం మిషను తీగ పట్టుకుంది.

"పైన వద్దన్నా. అక్కడ నాను నిలబడాలి. అది గరుగ్గానే ఉండాలి."

ఆ మాట విని నేను ఖాళీ డబ్బాలో ఖాళీగా ఎంత గర్వపడ్డానో మీరు ఊహించలేరు. గరుకు ఎక్కడ కావాలో, నునుపు ఎక్కడ కావాలో ఆ షెడ్డులో ఆమె పాదాలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇంతలో పరదేశి చెయ్యి అలవాటు కొద్దీ పై అరకేసి వెళ్లింది, చివరగా ఒక్క పూత మైనం తుడుద్దామని. పిల్ల ఊరికే అటు చూసింది. అతను ఆ చేత్తో బుర్ర గోక్కుని దించేశాడు.

ఖాళీ అయిన నన్ను ఆమె తోమి కడిగి, కాళ్లు జారకుండా బోర్డు పైభాగాన రాసుకునే మైనం బిళ్లలు నాలో వేసుకుంది. అవును, మైనమే. జారిపోయేలా చేసే మైనమూ ఉంది, జారకుండా పట్టి ఉంచే మైనమూ ఉంది. రెండోదాన్ని నా ఇంట్లో ఉండనిచ్చాను. అంత మాత్రం పెద్దమనసు నాకూ ఉంది.

ఆదివారం అలా నేను కూడా రుషికొండ ఇసుక మీద ఉన్నాను. పరదేశి రానన్నాడు. తన చేతి పని మళ్లీ నలుగురి ముందు ఊడితే చూడలేనని అక్కతో అన్నాడట. తనిఖీ దగ్గర అదే మనిషి, అదే బల్ల. ఆయన బోర్డు అంచు మీద వేలు నడిపించాడు. ముక్కు దగ్గర అతుకు ఎక్కడుందోనని కళ్లజోడు ఎత్తి వెతికాడు, గోటితో గీరాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. పైన చెయ్యి పెట్టి, గరుకుగా ఉండటం చూసి తలాడించాడు. కాగితం తీసి రాసుకుంటూ, "తయారీ ఎవరిదమ్మా? బోర్డు మీద పేరేం లేదు" అన్నాడు.

నూకరత్నం వెనక నిలుచున్నవాళ్ల బోర్డుల మీద ఏవేవో దేశాల పేర్లున్నాయి. ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"గరికిన పరదేశి. మంగమారిపేట. పడవలు సేత్తాడు" అంది, వెనకవాళ్లకు కూడా వినపడేలాగ. ఆయన అదే రాశాడు.

అలలు ఆ రోజు మనిషెత్తున లేచాయి. నేను చూడగలిగినంత చూశాను. మూడో అల మీద ఆమె నిలబడి ఒడుపుగా ఒరిగి వస్తుంటే, పక్కనుంచి ఇంకో అమ్మాయి బోర్డు అదుపు తప్పి అడ్డం తిరిగింది. దాని కింది రెక్క వచ్చి నూకరత్నం బోర్డు ముక్కుకు, సరిగ్గా అతుకు మీద, కొట్టింది. ఒడ్డుకు కూడా వినిపించిన దెబ్బ అది. జనం అయ్యో అన్నారు. బోర్డు ఊగింది, ఆమె మోకాళ్లు వంచింది, నిలబడింది. ఆ అల మీదే ఒడ్డుదాకా వచ్చేసింది. పోటీలో ఆఖరి అల అదే.

ఆమె బోర్డు ఎత్తుకుని ఇసుక మీదకు వచ్చి నా పక్కన పెట్టేసరికి, షామియానా వెనకనుంచి పరదేశి పరిగెత్తుకొచ్చాడు. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఎవరికీ తెలియదు. పిల్ల మొహం కూడా చూడలేదు, ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని బోర్డు ముక్కును ఒళ్లోకి తీసుకున్నాడు. మెరుపు మీద జానెడు పొడవున గీత పడింది. బొటనవేలితో అతుకు చుట్టూ నొక్కాడు. వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విన్నాడు. ఇంకోవైపు తిప్పి అక్కడా తట్టాడు.

"ఊడనేదు" అన్నాడు.

కాసేపటికి మార్కులు కూడి, మైకులో జట్టుకు ఎంపికైన ఇద్దరమ్మాయిల పేర్లు చదివారు. రెండో పేరు ఆమెదే.

"మావా, నన్ను పిలిసినారు."

"ఇనపడ్డాదే. ఎల్లు, ఎల్లి సంతకం పెట్టు" అన్నాడు, చెంపలు తుడుచుకుంటూ. చెయ్యి మాత్రం ఆ గీత మీదే ఉంది. కాసేపు దాన్ని నిమిరి, నా వైపు చూసి, మూత తీసి లోపలికి తొంగి చూశాడు. మైనం బిళ్లలు తప్ప ఏమీ లేవు.

"ఆ ముద్ద అయిపోనాదా?"

"నిన్ననే అయిపోనాది గదా మావా" అంది నూకరత్నం, వెళ్లబోతూ.

"ఇంకో డబ్బా తెత్తాను" అన్నాడు పరదేశి. "గరుకుదే."